మార్గరెట్ కజిన్స్

మార్గరెట్ ఎలిజబెత్ కజిన్స్ (1878 - మార్చి 11, 1954) ఐర్లండు దేశంలో జన్మించి, భారతదేశాన్ని తన కార్యక్షేత్రంగా చేసుకున్న సంగీత విదుషి, విద్యావేత్త, స్త్రీల హక్కుల ఉద్యమకారిణి, దివ్యజ్ఞాన సమాజ సభ్యురాలు. ఈమెను సన్నిహితులు గ్రెటా అని పిలిచేవారు. చిత్తూరు జిల్లాలో ఉండిన మదనపల్లెలోని బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఈమె అధ్యాపకురాలిగా ఉన్న కాలంలో, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడికి వచ్చి జనగణమన గీతాన్ని ఆలపించాడు. ఆ గీతాన్ని పాశ్చాత్య పద్ధతిలో స్వరపరచి లిపిబద్ధం చేసిన వ్యక్తిగా తెలుగు పాఠకులకు ఈమె పరిచితురాలు. భారత మహిళా సంఘం, అఖిల భారత మహిళా సభల స్థాపకులలో ఒకరు. మన దేశంలో గౌరవ మేజిస్ట్రేటుగా నియమితురాలైన తొలి మహిళ కూడా ఈమెయే.

బాల్యము, విద్యాభ్యాసము

మార్గరెట్ ఐర్లండు పశ్చిమ భాగంలోని రాస్కామన్ కౌంటీలో బాయిల్ అనే చిన్న పట్టణంలో, గిలెస్పీ అనే ప్రొటెస్టంటు కుటుంబంలో 1878లో జన్మించింది. వీరిది మెథడిస్టు శాఖ. పెద్ద కుటుంబంలో ఈమె మొదటి సంతానం. ప్రాథమిక విద్య స్వగ్రామంలో ముగించి, ఉపకార వేతనం పొంది డెర్రీ నగరంలోని విక్టోరియా ఉన్నత పాఠశాలలో చదివింది. చిన్ననాటి నుండి పియానో వాద్యంపై ఆసక్తి ఉండటం వలన డబ్లిన్ చేరి రాయల్ ఐరిష్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో సంగీతం అభ్యసించింది. 1902లో రాయల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లండు నుండి సంగీతంలో పట్టభద్రురాలైంది. ఆ రోజులలో ఒక స్త్రీ విశ్వవిద్యాలయ పట్టా పొందటం, అందునా సంగీత శాస్త్రంలో పొందటం అరుదైన విషయం. తరువాత కొంతకాలం సంగీతోపాధ్యాయినిగా పనిచేసింది.

వివాహము, ఐర్లండులో ఓటు హక్కు పోరాటము

1903లో ఈమె బెల్‌ఫాస్ట్‌కు చెందిన కవి జేమ్స్ హెన్రీ కజిన్స్‌ను (1873 - 1956) వివాహమాడింది. జేమ్స్ ఐర్లండు సాహిత్య పునరుజ్జీవనోద్యమంలో పాలుపంచుకున్న రచయిత. దంపతులిరువురూ శాకాహారులు. ఇద్దరికీ దివ్యజ్ఞానంపై ఆసక్తి కలిగింది. 1906లో మాంచెస్టరులో జరిగిన ఒక మహిళా సభకు హాజరైన తరువాత మార్గరెట్ స్త్రీల ఓటు హక్కు ఉద్యమంలో చేరింది. 1908లో హానా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్ అనే సంస్థను స్థాపించి, దానికి తొలి కోశాధికారిగా వ్యవహరించింది. ఇద్దరి భర్తలూ ఈ ఉద్యమానికి తోడ్పడ్డారు. 1912లో ప్రారంభమైన ఐరిష్ సిటిజన్ అనే పత్రికకు ఆ ఇద్దరూ సంపాదకులుగా పనిచేశారు.

ఓటు హక్కు కొరకు ఈమె రెండుసార్లు చెరసాలకు వెళ్ళింది. 1910లో లండనులో జరిగిన ప్రదర్శనలో మంత్రుల నివాసాల కిటికీ అద్దాలు పగులగొట్టిన నేరానికి హాలోవే కారాగారంలో ఒక నెల శిక్ష అనుభవించింది. 1913లో డబ్లిన్ కోట కిటికీల అద్దాలు పగులగొట్టినందుకు మరొకసారి నెల రోజుల శిక్ష పడగా, టల్లమోర్ కారాగారానికి పంపారు. అక్కడ తమను రాజకీయ ఖైదీలుగా గుర్తించాలని తోటి స్త్రీలతో కలిసి నిరాహార దీక్ష చేసింది. అదే సంవత్సరం కజిన్స్ దంపతులు ఐర్లండు విడిచి లివర్‌పూల్ చేరారు.

భారతదేశానికి రాక

దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు అనీ బిసెంట్ ఆహ్వానంపై 1915లో వీరు మద్రాసు వచ్చారు. జేమ్స్ ఆమె నడుపుతున్న న్యూ ఇండియా దినపత్రికలో చేరాడు. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. దానిని ప్రశంసిస్తూ జేమ్స్ వ్రాసిన వ్యాసం ప్రభుత్వానికి ఆగ్రహం కలిగించటంతో అనీ బిసెంట్ అతనిని పత్రిక నుండి తప్పించక తప్పలేదు. అయితే అతనిని వదులుకోవటం ఇష్టం లేక మదనపల్లెలో కొత్తగా ఏర్పడిన కళాశాలలో ఉద్యోగమిచ్చింది. ఆ విధంగా ఒక ఐరిష్ తిరుగుబాటు కారణంగా ఈ దంపతులు రాయలసీమ చేరుకున్నారు.

మదనపల్లెలో

మదనపల్లె పూర్వం కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలో చేరింది. పొరుగున పుంగనూరు జమీందారీ, దక్షిణాన కుప్పం కేంద్రంగా గల కంగుంది జమీందారీ కూడా అదే జిల్లాలోకి వచ్చాయి. తెలుగు, తమిళ, కన్నడ భాషలు కలిసే ఈ ఎగువ ప్రాంతం చల్లని వాతావరణానికి పేరుపొందింది. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి జన్మస్థలం కూడా మదనపల్లెయే. అనీ బిసెంట్ 1915లో ఇక్కడ కళాశాలను నెలకొల్పింది.

మార్గరెట్ ఈ కళాశాలలో ఆంగ్లం బోధించింది. తీరిక వేళలలో విద్యార్థులకు పాటలు నేర్పేది. ఊరిలోని స్త్రీలతో పరిచయం పెంచుకొని, అబలా అభివర్ధినీ సమాజం అనే స్త్రీల సంఘంతో కలిసి పనిచేసింది. గడప దాటి నలుగురిలోకి రావటమే గగనమైన ఆ కాలంలో మదనపల్లె స్త్రీలు ఒకచోట చేరి చదువు గురించి, ఆరోగ్యం గురించి మాట్లాడుకోవటం చిన్న విషయం కాదు. తరువాతి కాలంలో దేశవ్యాప్తంగా ఆమె నిర్మించిన మహిళా సంస్థలకు ఈ చిన్న ఊరి అనుభవం పునాది అయినదని చెప్పవచ్చు.

ఠాగూరు రాక, జనగణమన

1919 ప్రారంభంలో రవీంద్రనాథ్ ఠాగూరు దక్షిణ భారత పర్యటన చేశాడు. ప్రయాణ బడలిక తీర్చుకోవటానికి జేమ్స్ కజిన్స్ ఆహ్వానంపై మదనపల్లె వచ్చి, కళాశాల ఆవరణలో కొన్ని రోజులు విశ్రాంతి తీసుకున్నాడు. కళాశాలలో విద్యార్థులు, అధ్యాపకులు సాయంత్రం వేళ సమావేశమై పాటలు పాడుకునే అలవాటు ఉండేది. అటువంటి ఒక సమావేశంలో ఠాగూరు తన జనగణమన గీతాన్ని వంగభాషలో ఆలపించాడు. పదాలలో సంస్కృత శబ్దాలు ఎక్కువగా ఉండటం వలన, దేశంలోని ప్రాంతాల పేర్లు, నదుల పేర్లు అందరికీ తెలిసినవే కావటం వలన తెలుగు విద్యార్థులకు అది పరాయి భాషాగీతంగా తోచలేదు. వారు పల్లవిలో గొంతు కలిపారు.

మార్గరెట్ కోరికపై ఠాగూరు ఆ గీతానికి అర్థాన్ని వివరించి, ఆంగ్లంలోకి అనువదించి స్వదస్తూరితో వ్రాసి ఇచ్చాడు. ఈ అనువాదం మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా అనే పేరుతో ప్రసిద్ధమైంది. దానిపై ఫిబ్రవరి 28, 1919 తేదీ ఉంది. మార్గరెట్ కొందరు విద్యార్థులను కూర్చోబెట్టుకొని, ఒక్కొక్క పాదాన్ని పాడించి వింటూ, స్వరాలను గుర్తించి పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసింది. ఆ కూర్పును ఠాగూరు ఆమోదించాడు. అటుపిమ్మట కళాశాల ఈ గీతాన్ని తన ప్రార్థనా గీతంగా స్వీకరించింది.

జాతీయ గీతం ఏది కావాలన్న చర్చ తీవ్రంగా సాగుతున్న 1937లో జేమ్స్ కజిన్స్ జనగణమనను సమర్థిస్తూ మద్రాసులోని పత్రికకు లేఖ వ్రాశాడు. చివరకు రాజ్యాంగ సభ జనవరి 24, 1950న ఈ గీతంలోని మొదటి చరణాన్ని జాతీయ గీతంగా ప్రకటించింది. దీనిని పూర్తిగా పాడటానికి సుమారు 52 సెకనులు పడుతుంది.

బాణీ కర్త ఎవరు?

జనగణమన బాణీని మార్గరెట్ కజిన్స్ మదనపల్లెలో కట్టిందని పలుచోట్ల వ్రాస్తుంటారు. ఈ మాటను కొంత జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఈ గీతాన్ని మొట్టమొదట డిసెంబరు 27, 1911న కలకత్తా కాంగ్రెసు సభలో పాడారు. అప్పటికి కజిన్స్ దంపతులు భారతదేశానికి రానేలేదు. మదనపల్లెలో కూడా మొదట పాడి వినిపించినది ఠాగూరే. కనుక మూల రాగచ్ఛాయ ఠాగూరుదని స్పష్టమవుతున్నది. విన్న గానాన్ని పాదాలుగా విభజించి, ఎక్కడ ఏ స్వరం ఎంత కాలం నిలవాలో నిర్ణయించి, బెంగాలీ రానివారు సైతం ఒకే విధంగా పాడగలిగేటట్లు లిపిబద్ధం చేయటం మార్గరెట్ చేసిన పని.

ఇది తక్కువ పని కాదు. మన సంప్రదాయంలో పాట గురుముఖతః శిష్యునికి చేరుతుంది. ఒక గాయకుడు సాగదీసిన చోట మరొకడు కుదిస్తాడు. గమకం ఎవరి అభిరుచిని బట్టి వారు వేస్తారు. కచేరీకి ఇది అందమే. కానీ వేలమంది ఒకేసారి, ఒకే కాలప్రమాణంలో పాడవలసిన సమూహగానానికి ఇది ఆటంకం. స్వరలిపి ఆ ఆటంకాన్ని తొలగిస్తుంది.

స్వరలిపి, స్వరసమ్మేళనము

సంగీత విద్యార్థులకు ఉపయోగపడుతుందని ఈ విషయాన్ని కొంత వివరంగా ఇస్తున్నాము. జనగణమన హిందూస్థానీ పద్ధతిలో బిలావల్ రాగచ్ఛాయలో ఉంది. ప్రతిమధ్యమం అక్కడక్కడ తొంగిచూస్తుంది. బిలావల్ మేళం కర్ణాటక సంగీతంలోని 29వ మేళకర్త ధీరశంకరాభరణంతో సమానం. పాశ్చాత్యుల మేజర్ స్కేలు కూడా ఇదే. పియానోపై సి అనే మెట్టును షడ్జమంగా తీసుకుంటే తెల్లని మెట్లన్నీ వరుసగా ఈ స్వరాలే అవుతాయి. పాశ్చాత్య సంగీతంలో శిక్షణ పొందిన మార్గరెట్‌కు ఈ గీతం చెవికి వెంటనే అందటానికి ఇది ఒక కారణం కావచ్చు.

మన సంగీతం ప్రధానంగా ఒంటి స్వరధార. వెనుక తంబురా శ్రుతి మాత్రం నిలిచి ఉంటుంది. పాశ్చాత్య సంగీతంలో ఒకేసారి మూడు లేక అంతకంటె ఎక్కువ స్వరాలను కలిపి పలికిస్తారు. దీనిని కార్డ్ అంటారు. శంకరాభరణంలో స-గ-ప, మ-ద-స, ప-ని-రి అనే మూడు కార్డులు ముఖ్యమైనవి. సి షడ్జమమైతే ఇవి వరుసగా సి మేజర్, ఎఫ్ మేజర్, జి మేజర్ అవుతాయి. శంకరాభరణంలోని ఏడు స్వరాలూ ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. అందువలన ఈ మేళంలోని సరళమైన పాటకు ఈ మూడు కార్డులతోనే తోడు వాయించవచ్చు. ప్రతిమధ్యమం వంటి అన్యస్వరం వచ్చినచోట మాత్రం ఆలోచించవలసి ఉంటుంది.

ఒకే కార్డును స్వరాల వరుస మార్చి పలికించవచ్చు. స-గ-ప అన్నా, గ-ప-స అన్నా, ప-స-గ అన్నా కార్డు ఒకటే, కాని వినిపించే రంగు వేరు. పియానోపై మార్గరెట్ వంటివారు అభ్యసించిన ఈ పాఠాన్ని నేటి గిటారు విద్యార్థి కూడా సులభంగా పరీక్షించవచ్చు. వీణపై మెట్ల వలె గిటారుపై ఫ్రెట్లు ఉంటాయి. అన్నిటికంటె సన్నని తీగను మొదటి తీగగా లెక్కించి, మొదటి మూడు తీగలను మాత్రమే మీటుతూ సి మేజర్‌ను మూడుచోట్ల ఇలా పట్టవచ్చు.

* మూడవ తీగ, మొదటి తీగ నొక్కకుండా, రెండవ తీగను 1వ ఫ్రెట్‌లో నొక్కితే ప-స-గ పలుకుతుంది.
* మూడవ, రెండవ తీగలను 5వ ఫ్రెట్‌లో, మొదటి తీగను 3వ ఫ్రెట్‌లో నొక్కితే స-గ-ప పలుకుతుంది.
* మూడవ తీగను 9వ ఫ్రెట్‌లో, రెండవ, మొదటి తీగలను 8వ ఫ్రెట్‌లో నొక్కితే గ-ప-స పలుకుతుంది.

ఈ మూడు పట్లు తెలిసినవారు పాటలోని స్వరం పైకి పోయినప్పుడు కార్డును కూడా పైకి తీసుకొనిపోగలరు. జనగణమన షడ్జమం నుండి మెట్టుమెట్టుగా గాంధారానికి ఎక్కి ప్రారంభమవుతుంది. ప-స-గ పట్టులో పై స్వరం గాంధారం కనుక అది ఈ ఎత్తుగడకు చక్కగా అమరుతుంది. అయితే జాతీయ గీతాన్ని ఆలపించేటప్పుడు ఇటువంటి ప్రయోగాలు తగవు. నిర్ణీతమైన బాణీని, కాలప్రమాణాన్ని పాటించటం పౌరుల విధి. ఈ వివరణ అభ్యాసం కొరకు మాత్రమే.

జాతీయ గీతం ఎంపికలో వాద్యబృందాల సౌకర్యం కూడా పరిగణనకు వచ్చింది. 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సమావేశంలో జనగణమన వాద్యగానం వినిపించినప్పుడు అన్ని దేశాల ప్రతినిధులు మెచ్చుకున్నారని, మిలిటరీ బ్యాండులకు, వాద్యబృందాలకు ఇది అనుకూలంగా ఉందని నెహ్రూ 1948 ఆగస్టులో రాజ్యాంగ సభకు తెలియజేశాడు. భారతీయ గీతాన్ని పాశ్చాత్య లిపిలోకి తీసుకొని రావటం ఎంత దూరదృష్టి గల పనియో దీనివలన తెలుస్తుంది.

స్త్రీల ఓటు హక్కుకై కృషి

1917 మే నెలలో మద్రాసులోని అడయారులో భారత మహిళా సంఘం స్థాపించబడింది. అనీ బిసెంట్ అధ్యక్షురాలు. డొరొతీ జినరాజదాస, మార్గరెట్ కజిన్స్ స్థాపకులలో ముఖ్యులు. ఈ సంఘం స్త్రీధర్మ అనే పత్రికను వెలువరించగా మార్గరెట్ దానికి సంపాదకత్వం వహించింది.

అదే సంవత్సరం రాజ్యాంగ సంస్కరణల విషయమై భారత మంత్రి మాంటేగు మన దేశానికి వచ్చాడు. స్త్రీ విద్య గురించి విన్నవించటానికి మార్గరెట్ అనుమతి కోరగా, రాజకీయ విషయాలపై మాత్రమే రాయబారాలను స్వీకరిస్తామని సమాధానం వచ్చింది. అయితే రాజకీయ విషయమే అడుగుదామని ఆమె స్త్రీలకు కూడా పురుషులతో సమానంగా ఓటు హక్కు కావాలన్న కోరికను విజ్ఞప్తిలో చేర్చింది. డిసెంబరు 18, 1917న సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళల బృందం మద్రాసులో మాంటేగును కలిసి దీనిని సమర్పించింది. భారత స్త్రీల ఓటు హక్కు ఉద్యమానికి ఇది నాంది.

సౌత్‌బరో కమిటీ ఈ కోరికను త్రోసిపుచ్చింది. 1919 భారత ప్రభుత్వ చట్టం స్త్రీల ఓటు విషయాన్ని రాష్ట్ర శాసనసభలకు వదలిపెట్టింది. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటు హక్కునిచ్చింది. ఆస్తి అర్హత ఉండటం వలన చాలా కొద్దిమందికే ఈ హక్కు లభించింది. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండటం వలన అక్కడి తెలుగు స్త్రీలకు కూడా ఇది వర్తించింది. 1926లో స్త్రీలకు సభ్యత్వ అర్హత లభించాక, కమలాదేవి చటోపాధ్యాయను ఎన్నికలలో పోటీ చేయమని మార్గరెట్ ప్రోత్సహించింది. కమలాదేవి స్వల్ప తేడాతో ఓడిపోయింది. అయినా శాసనసభకు పోటీ చేసిన తొలి మహిళలలో ఒకరుగా నిలిచింది. ఆస్తితో నిమిత్తం లేకుండా వయోజన స్త్రీలందరికీ ఓటు లభించటం 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చిన తరువాతనే జరిగింది.

1919-20లో మార్గరెట్ మంగళూరులోని జాతీయ బాలికా పాఠశాలకు తొలి ప్రధానాధ్యాపికగా పనిచేసింది. 1922లో గౌరవ మేజిస్ట్రేటుగా నియమితురాలైంది. ఐర్లండులో నేరస్థురాలిగా న్యాయస్థానం ఎదుట నిలబడిన స్త్రీ ఇక్కడ న్యాయాసనంపై కూర్చున్నది.

అఖిల భారత మహిళా సభ

1926లో మార్గరెట్ దేశంలోని మహిళా సంఘాలకు లేఖలు వ్రాసి, బాలికల విద్య ఏ విధంగా ఉండాలో స్త్రీలే ఆలోచించి చెప్పాలని కోరింది. స్థానిక సభలు జరిగిన పిమ్మట 1927 జనవరిలో పూనాలో తొలి అఖిల భారత మహిళా సభ జరిగింది. బరోడా మహారాణి చిమ్నాబాయి అధ్యక్షత వహించింది. విద్యతో మొదలైన ఈ సంస్థ త్వరలోనే బాల్యవివాహాల వంటి సమస్యల వైపు దృష్టి సారించింది. 1929లో వచ్చిన శారదా చట్టానికి మద్దతు కూడగట్టింది. 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాలను నెలకొల్పింది. 1931లో లాహోరులో అఖిల ఆసియా మహిళా సభ జరగటానికి కూడా మార్గరెట్ చొరవయే కారణం. 1936లో ఆమె అఖిల భారత మహిళా సభకు అధ్యక్షురాలైంది. అటు తరువాత భారతీయ స్త్రీలే నాయకత్వం వహించాలని భావించి తాను క్రమంగా వెనుకకు తగ్గింది.

మూడవ కారాగారము

1932లో ప్రభుత్వం వాక్స్వాతంత్ర్యాన్ని అరికట్టే అత్యవసర శాసనాలను అమలు చేస్తుండగా, మార్గరెట్ మద్రాసులో బహిరంగ సభలో వాటిని వ్యతిరేకిస్తూ ప్రసంగించింది. పూచీకత్తు ఇచ్చి బయటపడటానికి అంగీకరించలేదు. ఒక సంవత్సరం శిక్ష విధించి వేలూరు స్త్రీల కారాగారానికి పంపారు. ఇంగ్లండులో ఒకసారి, ఐర్లండులో ఒకసారి, భారతదేశంలో ఒకసారి జైలుకు వెళ్ళిన ఈమె మూడుచోట్లా ఎదిరించినది ఒకే ప్రభుత్వాన్ని.

రచనలు

* ది అవేకనింగ్ ఆఫ్ ఏషియన్ విమన్‌హుడ్ (1922) - ఆసియా దేశాలలో స్త్రీల మేలుకొలుపు గురించి.
* ది మ్యూజిక్ ఆఫ్ ఓరియంట్ అండ్ ఆక్సిడెంట్ (1935) - ప్రాచ్య, పాశ్చాత్య సంగీత పద్ధతుల పరస్పర అవగాహన కొరకు వ్రాసిన వ్యాసాలు.
* ఇండియన్ విమన్‌హుడ్ టుడే (1941) - భారత మహిళోద్యమ పరిచయం.
* వుయ్ టూ టుగెదర్ (1950) - భర్తతో కలిసి వ్రాసిన ఆత్మకథ. ఠాగూరు మదనపల్లె రాకకు సంబంధించిన వివరాలు ఇందులో ఉన్నాయి.

చివరి రోజులు

1940వ దశకం మధ్యలో ఈమెకు పక్షవాతం వచ్చింది. పియానోపై పరుగెత్తిన చేతులు కదలని స్థితి ఏర్పడింది. స్వాతంత్ర్యానంతరం మద్రాసు ప్రభుత్వం, ప్రధాని నెహ్రూ ఆమె సేవలకు గుర్తింపుగా ఆర్థిక సహాయం అందించారు. తాను లిపిబద్ధం చేసిన గీతం స్వతంత్ర దేశపు జాతీయ గీతం కావటాన్ని ఆమె జీవించి ఉండగానే చూడగలిగింది. మార్చి 11, 1954న మరణించింది. జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలో కన్నుమూశాడు.

ఢిల్లీలో అఖిల భారత మహిళా సభ కార్యాలయంలోని గ్రంథాలయానికి ఈమె పేరు పెట్టారు. మదనపల్లెలోని కళాశాల జనగణమనతో గల సంబంధం వలన చరిత్రకెక్కింది. బడిలో ప్రతి ఉదయం పాడే ఆ గీతాన్ని కాశ్మీరు నుండి కుప్పం వరకు పిల్లలందరూ ఒకే స్వరంలో, ఒకే కాలంలో పాడగలుగుతున్నారంటే, అందుకు తోడ్పడినవారిలో ఈ ఐరిష్ ఉపాధ్యాయిని ఒకరు.